"మంచాన పడకుండా పోవాలి" అన్న మాటను కాగితం మీద పెట్టడం ఎలా?

మా అమ్మ గుడికి వెళ్లినప్పుడల్లా ప్రదక్షిణలు అయ్యాక మండపంలో కాసేపు కూర్చుని ఒక శ్లోకం చదువుకుంటుంది. అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం. బాధ పెట్టని చావు, ఒకరి ముందు చేయి చాచని బతుకు ఇమ్మని దేవుణ్ని అడగడం అది. సంస్కృతం రానివారు అదే కోరికను తెలుగులో చెప్పుకుంటారు. "మంచాన పడకుండా పోతే చాలు." "కాళ్లూ చేతులూ ఆడుతుండగానే వెళ్లిపోవాలి." "ఒకరి చేత చేయించుకునే బతుకు నాకొద్దు." ఈ మాటలు వినపడని ఇల్లు ఉండదు. మనం వింటాం, "ఊరుకో అమ్మా, అవేం మాటలు" అని లేచి వెళ్లిపోతాం.

నాన్న విషయంలో మేమూ అలాగే లేచి వెళ్లిపోయాం. మెదడులో రక్తనాళం చిట్లి ఒక రాత్రి ఆసుపత్రిలో చేరిన ఆయన 23 రోజులు ఐసీయూలో ఉన్నారు. నోట్లో ఒక గొట్టం, ముక్కులో ఒక గొట్టం. వాటిని పీకేసుకోకుండా రెండు చేతులనూ గాజుగుడ్డతో మంచం కమ్మీలకు కట్టారు. రోజుకు రెండుసార్లు, అయిదేసి నిమిషాలు చూడనిచ్చేవారు. 19వ రోజున గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టాలంటూ అంగీకార పత్రం నా చేతికిచ్చారు. అన్నయ్య మెల్‌బోర్న్ నుంచి ఫోనులో "చేయించు" అంటున్నాడు. అమ్మ వద్దంటోంది. నాన్న ఏమనేవారో మా ముగ్గురిలో ఎవరికీ రూఢిగా తెలియదు. సంతకం పెట్టాను. నాలుగు రోజులకు ఆయన పోయారు. ఆ సంతకం ఆయన కోరుకునేదో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు.

మూడు నెలల తర్వాత వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అమ్మ తల ఎత్తకుండానే అంది: "నాకు మాత్రం అలా చేయించకండి." ఈసారి నేను లేచి వెళ్లలేదు. కాగితం, పెన్ను తెచ్చుకున్నాను. మీరు చదువుతున్నది ఆ కాగితం పూర్తయ్యేలోపు మేము నేర్చుకున్నది.

ఒక సంగతి ముందే చెబుతాను. మన పెద్దలు తమ కోరిక ఎప్పుడో చెప్పేశారు. కాని "మంచాన పడకుండా" అన్న మాటతో ఆసుపత్రికి పని జరగదు. వెంటిలేటర్ పెట్టాలా, పెడితే ఎన్నాళ్లు ఉంచాలి, ఎవరిని అడిగి తీసేయాలి అన్న ప్రశ్నలకు జవాబు ఉంటేనే డాక్టరు ఒక అడుగు వేయగలరు. ఇంట్లో అనే మాటను ఆసుపత్రికి అర్థమయ్యే మాటగా మార్చడమే ఇక్కడ పని అంతా.

ఈ కాగితం ఏది, ఏది కాదు

దీన్ని ముందస్తు వైద్య నిర్దేశం అంటారు. పత్రికల్లో లివింగ్ విల్ అని చదివి ఉంటారు. మీకు తెలివి ఉండగానే, "ఇలాంటి స్థితి వస్తే నాకు ఈ చికిత్సలు వద్దు, అప్పుడు నా తరఫున ఫలానావారు మాట్లాడతారు" అని రాసి పెట్టే పత్రం. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో దీనికి చట్టబద్ధత ఇచ్చింది. రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో గౌరవంగా మరణించే హక్కు కూడా ఉందని చెప్పింది. అప్పట్లో పెట్టిన నిబంధనల ప్రకారం మొదటి తరగతి జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ కూడా ఆ పత్రం మీద సంతకం చేయాలి. ఆ మెట్టు మామూలు మనుషులకు ఎక్కలేనిది. 2023 జనవరి 24న సుప్రీంకోర్టే దాన్ని సడలించి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలంది. కాబట్టి ఎవరైనా పాత పద్ధతి చెప్పి బెదరగొడితే ఈ తేదీ చెప్పండి.

చాలామంది పొరబడే విషయాలు మూడున్నాయి. ఆస్తుల వీలునామా మనిషి పోయాకే అమలులోకి వస్తుంది కాబట్టి వైద్యం గురించి అందులో రాసి లాభం లేదు. మన తరఫున పనులు చూసే అధికారాన్ని ఇంకొకరికి రాసిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చేశాం కదా అనుకుంటారు. కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఇచ్చినవారి మానసిక స్థిమితం పోయిందంటే ఆ అధికారమూ పోతుంది. అంటే మీకు దాని అవసరం పడే రోజునే అది చెల్లదు. ఇక మూడోది, అందరికంటే ఎక్కువ భయపెట్టేది: ఇది ఇంజక్షన్ ఇచ్చి ప్రాణం తీయమని రాయడం కాదు. అది మన దేశంలో నేరం. చావును ఊరికే సాగదీసే యంత్రాలను ఆపమనడం మాత్రమే ఇది. రేపు మీకు రోడ్డు ప్రమాదం జరిగినా, పాము కరిచినా, గుండెపోటు వచ్చినా ఈ కాగితం చూపి మిమ్మల్ని ఎవరూ వదిలేయరు. కోలుకునే ఆశ లేదని వైద్యులు తేల్చి, అప్పటికి మీరు మీ మాట చెప్పలేని స్థితిలో ఉంటేనే ఇది బయటికి వస్తుంది. మీకు స్పృహ ఉన్నంతకాలం మీ నోటిమాటదే పై చేయి.

18 ఏళ్లు నిండి, మనసు స్థిమితంగా ఉన్న ఎవరైనా రాయవచ్చు. మతిమరుపు జబ్బు తొలి దశలో ఉందని తెలిసినవారు మాత్రం ఆలస్యం చేయకూడదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత వీళ్ల కోసమే పుట్టిందనిపిస్తుంది నాకు.

మాట కదపడం

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. ఇది దాటితే మిగిలిందంతా తిరుగుడు పని.

మన ఇళ్లలో చావు ఊసెత్తితే తథాస్తు దేవతలు వింటారంటారు. ఆ నమ్మకంతో వాదన పెట్టుకోకండి. "నీకు ఏమైనా అయితే" అని మొదలుపెడితే మాట అక్కడే తెగిపోతుంది. మీ గురించి మీరు మొదలుపెట్టండి. "నా కోసం ఒక కాగితం రాసుకుంటున్నాను, నువ్వూ ఒకసారి విను" అనండి. లేదా ఇంటిల్లిపాదికీ తెలిసిన ఒక మరణం గురించి అడగండి. "పెద్దమామయ్యకు చివర్లో అన్ని గొట్టాలు పెట్టారు కదా, నీకేమనిపించింది?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పని పెద్దవారిని నేను చూడలేదు. ఒకరు పోయిన తీరు గురించి చెబుతున్నప్పుడు తమకేది వద్దో వాళ్లే చెప్పేస్తారు.

చెప్పింది అక్కడితో వదిలేయకుండా ఇంకొక్క ప్రశ్న లోతుకు వెళ్లండి. "ఒకరి చేత చేయించుకోకూడదు" అని అమ్మ అన్నప్పుడు నేను అడిగాను: "అంటే, స్నానం నేను చేయిస్తే వద్దంటావా?" కాసేపు ఆలోచించి, "నువ్వు చేయిస్తే ఫరవాలేదు. నిన్ను గుర్తుపట్టలేని దాన్నయ్యాక బతికించొద్దు" అంది. నేను అనుకున్న గీత ఒకచోట ఉంది, అమ్మ గీసుకున్న గీత మరోచోట ఉంది. అడగకపోతే అమ్మ తరఫున నేను తప్పు చెప్పేదాన్ని.

ఈ నాలుగు ప్రశ్నలూ తప్పక అడగండి. మనుషుల్ని గుర్తుపట్టడం, మాట్లాడటం, సొంత చేత్తో తినడం, మంచం దిగడం: వీటిలో ఏది పోతే ఇక బతుకు బతుకు కాదనిపిస్తుంది? చివరి రోజులు ఇంట్లోనా, ఆసుపత్రిలోనా? నొప్పి తగ్గించే మందుతో మగతగా ఉండటం నయమా, కాస్త నొప్పి ఉన్నా తెలివితో ఉండటం నయమా? డబ్బు ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు? చివరిది అడగడానికి నోరు రాదు. కాని పొలం అమ్మి, నగలు కుదువపెట్టి ఐసీయూ బిల్లు కట్టిన కుటుంబాలు మన చుట్టూనే ఉన్నాయి. పిల్లల్ని అప్పుల పాలు చేయడం తల్లిదండ్రులకు చావుకంటే పెద్ద బాధ. వాళ్ల నోటితో ఆ మాట చెప్పే అవకాశం ఇవ్వండి.

ఒక్క పూటలో తేలాలని పట్టుపట్టకండి. మాకు అయిదారు సాయంత్రాలు పట్టింది.

మీ తరఫున మాట్లాడేదెవరు?

పెద్దకొడుకు పేరు రాయడం మన అలవాటు. తలకొరివి పెట్టేది ఎవరన్నది వేరే ప్రశ్న. ఇక్కడ కావలసినవారు వేరు. అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తాలి. నాలుగు గంటల్లో ఆసుపత్రికి చేరగలగాలి. తెల్లకోటు ముందు నోరు పెగలాలి. అన్నిటికీ మించి, తనకు ఇష్టం లేకపోయినా మీ ఇష్టమే చెప్పగలగాలి. మీ మీద ప్రేమ ఎక్కువై మిమ్మల్ని వదులుకోలేనివారు ఈ పనికి పనికిరారు. మా అమ్మ అన్నయ్యను కాదని నన్ను మొదట రాసి, నా తర్వాత తన చెల్లెలి పేరు రాసింది. అన్నయ్య నొచ్చుకున్నాడు. అందుకే ఆ ఫోను నేను చేయకుండా అమ్మ చేతే చేయించాను. "నువ్వు నన్ను పోనివ్వలేవురా" అంది వాడితో. ఆ తర్వాత వాడు అడ్డు చెప్పలేదు.

పిన్నిని ఉంచడంలో ఇంకో లెక్క కూడా ఉంది. నేను ఊళ్లో లేకపోయినా, ఆ క్షణంలో నాకు కాళ్లూ చేతులూ ఆడకపోయినా మరొకరు ఉండాలి. 2023 మార్పుతో ఒకరికంటే ఎక్కువ మందిని పేర్కొనవచ్చు. అయితే వరస తప్పనిసరిగా రాయండి. మొదట ఎవరు, వారు దొరకకపోతే ఎవరు అన్నది లేకపోతే ఐసీయూ గుమ్మం ముందు ఇద్దరూ చెరో మాట చెబుతారు. తీర్పులో ఉన్న మాట "సంరక్షకులు లేదా దగ్గరి బంధువులు". దగ్గరి బంధువులు లేనివారు, స్నేహితుల పేరు పెట్టాలనుకునేవారు ఈ ఒక్క విషయం న్యాయవాదితో మాట్లాడి రాయించుకోండి.

పిల్లలందరూ విదేశాల్లో ఉంటే వాళ్ల పేర్లు ఉండనివ్వండి, కాని మొదటి పేరు మాత్రం ఇక్కడి మనిషిదే పెట్టండి. పిల్లల దగ్గరికి వెళ్లి అమెరికాలో స్థిరపడిన తల్లిదండ్రులకు మరో జాగ్రత్త: అక్కడ ఏ రాష్ట్రం ఫారం ఆ రాష్ట్రానిదే. ఇక్కడ రాసింది అక్కడి ఆసుపత్రిలో చెల్లుతుందని ధీమాగా ఉండవద్దు. అక్కడికి వెళ్లాక అక్కడిదీ ఒకటి రాయండి.

రాసే ముందు డాక్టరుతో ఒక గంట

వద్దు అని రాసే దాన్ని ముందు తెలుసుకోవాలి. మీకు బీపీ, షుగరు చూసే డాక్టరుంటే రద్దీ లేని రోజు సమయం అడిగి వెళ్లండి. మీకున్న జబ్బులు ముదిరితే ఏ దారిన పోతాయో అడగండి. కిడ్నీ జబ్బు ఉన్నవారి కాగితంలో డయాలసిస్ గురించి రాసే వాక్యం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారి కాగితంలో వెంటిలేటర్ గురించి రాసే వాక్యం ఒకేలా ఉండవు.

గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌ను సినిమాల్లో చూసి మృదువైన పని అనుకుంటాం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ అయిదారు సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కాలి. ముసలివారి పక్కటెముకలు విరగడం తరచూ జరుగుతుంది. బస్టాండులో కుప్పకూలిన 50 ఏళ్ల మనిషికి ఇది ప్రాణదానం. ఒళ్లంతా క్యాన్సర్ పాకి చివరి గంటల్లో ఉన్నవారికి ఇది ఆఖరి హింస. అలాంటివారికి సీపీఆర్ చేయకూడదన్న నిర్ణయం ఎలా తీసుకోవాలో భారత వైద్య పరిశోధన మండలి 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

వెంటిలేటర్ కూడా అంతే, దానంతట అది మంచిదీ కాదు చెడ్డదీ కాదు. న్యుమోనియా తగ్గేదాకా వారం రోజులు ఊపిరి పోసి మనిషిని ఇంటికి పంపేదీ అదే. అందుకే "వెంటిలేటర్ వద్దు" అని ఒక్క ముక్కలో రాయకండి. నాకు బాగా నచ్చిన పద్ధతి గడువు పెట్టడం: "పెట్టి చూడండి, ఇన్ని రోజుల్లో మెరుగు కనిపించకపోతే తీసేయండి" అనడం. చట్టం దృష్టిలో అసలు పెట్టకపోవడం, పెట్టినది తీసేయడం రెండూ ఇక్కడ ఒకే తోవలో నడుస్తాయి. ఈ సంగతి తెలియక, ఒకసారి పెడితే ఇక తీయకూడదని భయపడి మొదటే వద్దనేవారు చాలామంది.

ఇక ఆహారం పోసే ముక్కు గొట్టం. అమ్మకూ నాకూ మాట తెగనిది ఇక్కడే. యంత్రం ఆపమనడం ఒకటి, అన్నం ఆపమనడం మరొకటి. "కడుపు మాడ్చి పంపుతామా?" అన్న ప్రశ్నకు ఏ తెలుగింట్లోనూ ఔనన్న జవాబు రాదు. మా డాక్టరు చెప్పింది ఇది: మనిషి చివరికి వచ్చినప్పుడు ఒళ్లు తనంతట తానే ఆకలిని వదిలేస్తుంది. అప్పుడు గొట్టం ద్వారా పోసింది అరగక పొట్ట ఉబ్బుతుంది, ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఒంటికి నీరు పడుతుంది. చెంచాతో కొద్దిగా గంజి, నోరు తడిపే నీళ్లు, పెదవులకు వెన్న, ఇవి ఎవరూ ఆపరు. అది విన్నాక అమ్మ "నోటితో మింగగలిగినంత పెట్టండి, గొట్టం వద్దు" అని రాయించింది. మీ నిర్ణయం వేరే కావచ్చు. గొట్టం కావాలనుకుంటే కావాలనే రాయండి. ఈ కాగితంలో వద్దన్నవే కాదు, కావాలన్నవీ ఉండవచ్చు.

రాయడం ఇలా

సుప్రీంకోర్టు భాష ఇదీ అని చెప్పలేదు. తెలుగులో రాసి, ఐసీయూ డాక్టర్లలో తెలుగు రానివారూ ఉంటారు కాబట్టి ఇంగ్లిషు ప్రతి ఒకటి జతచేయడం మంచిది. స్పష్టత మాత్రం తప్పనిసరి. సూచనలు తికమకగా ఉంటే వైద్య బోర్డులు వాటిని అమలు చేయవు. "అనవసర చికిత్సలు వద్దు", "బాధ పెట్టకండి" లాంటి వాక్యాలు అందుకే పనికిరావు. అమ్మ కాగితాన్ని ఆధారం చేసుకుని నమూనా ఇస్తున్నాను. మీకు తగ్గట్టు మార్చుకోండి.

"నేను, (పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, చిరునామా), స్థిమితమైన మనసుతో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, దీని పర్యవసానాలన్నీ అర్థం చేసుకుని ఈ నిర్దేశం రాస్తున్నాను.

నాకు నయం కాని జబ్బు చివరి దశకు చేరినా, నా మెదడు తిరిగి కోలుకోలేనంతగా దెబ్బతిన్నా, నేను కోలుకునే ఆశ లేదని వైద్యులు నిర్ధారించి, అప్పటికి నా నిర్ణయం నేను చెప్పలేని స్థితిలో ఉంటే ఈ సూచనలు వర్తిస్తాయి.

అప్పుడు నా గుండె ఆగితే సీపీఆర్ చేయవద్దు. వెంటిలేటర్ పెట్టవద్దు. నా పరిస్థితి తేలకముందే పెట్టి ఉంటే, కోలుకోనని తేలాక తీసివేయండి. డయాలసిస్ చేయవద్దు. బీపీ నిలబెట్టే మందులు కొనసాగించవద్దు. ముక్కు గొట్టంతో గాని, పొట్టకు రంధ్రం చేసి గాని ఆహారం ఇవ్వవద్దు. నోటితో మింగగలిగినంత పెట్టండి.

నొప్పి, ఆయాసం, కలవరం తగ్గించే మందులు మార్ఫిన్‌తో సహా అవసరమైనంత ఇవ్వండి. ఒంటి శుభ్రత చూడండి. వీలైతే నన్ను ఇంటికి చేర్చండి.

నా తరఫున సమ్మతి తెలిపే అధికారం మొదట (పేరు, బంధుత్వం, ఫోను నంబరు) గారికి, వారు అందుబాటులో లేకపోతే (పేరు, బంధుత్వం, ఫోను నంబరు) గారికి ఇస్తున్నాను. ఈ పత్రాన్ని ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు నాకు ఉంది. ఇంతకుముందు ఇలాంటివి రాసి ఉంటే అవి రద్దు."

మొదటి పేరాలోని ఒత్తిడి లేదన్న వాక్యం, చివరి పేరాలోని రద్దు హక్కు, అధికారం పొందినవారి పేర్లు, ఈ మూడూ తీర్పు ప్రకారం ఉండి తీరాలి. వాటిని మాత్రం తీసేయకండి.

చివరి శ్వాస ఎలా ఉండాలన్నది కూడా రాసుకోవచ్చు. తులసి తీర్థం, కలిమా, ప్రార్థన, ఎవరి ఆచారం వారిది. అవయవదానం చేయదలచినవారు దాన్ని ఇందులో ఇరికించకుండా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్న ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో విడిగా నమోదు చేసుకోండి. మానసిక అనారోగ్యానికి చికిత్స గురించి రాసుకునే నిర్దేశం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. అది వేరే పత్రం.

సంతకాలు

ఇద్దరు సాక్షుల ఎదుట మీరు సంతకం చేయాలి. సాక్షులు వీలైనంతవరకు స్వతంత్రులై ఉండాలంది కోర్టు. అంటే ఆస్తిలో వాటా ఉన్నవారు, అధికారం పొందినవారు కాకుండా ఇరుగుపొరుగువారో, పాత సహోద్యోగులో అయితే మేలు. ఆ తర్వాత నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరించాలి. రాసిన మనిషి ఇష్టపూర్వకంగా, అర్థం చేసుకుని రాశారని తాము నమ్మినట్లు సాక్షులూ, ధ్రువీకరించేవారూ రాయాలి. ఆ వాక్యం కింద టైపు చేసి తీసుకెళ్లండి, లేకపోతే ఉత్త ముద్ర వేసి పంపేస్తారు.

పల్లెల్లో నోటరీ దొరకడం కష్టం. ఉన్నత పాఠశాల గెజిటెడ్ ప్రధానోపాధ్యాయులు, ఎంపీడీఓ, తహసీల్దారు, ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు, వీరిలో ఒకరైనా దగ్గర్లో ఉంటారు. స్టాంపు పేపరు గాని, సబ్ రిజిస్ట్రారు దగ్గర నమోదు గాని తీర్పు అడగలేదు. నోటరీలు అలవాటు కొద్దీ స్టాంపు పేపరు కావాలంటే తెచ్చి ఇవ్వండి, దాని మీద వాదించి లాభం లేదు. మేము వెళ్లిన నోటరీ దీన్ని ఆస్తి వీలునామా అనుకుని సర్వే నంబర్లు అడిగారు. పక్క సీట్లో అమ్మ కూర్చుని, "ఆస్తి కాదు నాయనా, నా ఒళ్లు" అని చెప్పింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితం మొదటి నుంచి మళ్లీ చదివారు. చదివాక, ఇష్టపూర్వకంగా రాశారా అని అమ్మను రెండుసార్లు అడిగి మరీ సంతకం చేశారు. రాసిన మనిషిని వెంట తీసుకెళ్లాలి అనడానికి ఇదే కారణం.

కాపీలు ఎక్కడెక్కడ?

బ్యాంకు లాకరులో మాత్రం పెట్టకండి. అవసరం రాత్రి రెండు గంటలకు పడుతుంది.

అధికారం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక కాపీ, ఇంటి డాక్టరుకు ఒకటి. మందుల చీటీలు, స్కానింగు రిపోర్టులు ఉంచే ఫైలులో అన్నిటికంటే పైన ఒకటి. ఫోటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఆ పెట్టడంతోనే ఇంట్లో అందరికీ ఒకేసారి తెలుస్తుంది, తర్వాత ఎవరూ "నాకు చెప్పలేదు" అనలేరు. డిజిటల్ ఆరోగ్య రికార్డులు ఉంటే వాటిలోనూ చేర్చవచ్చని కోర్టు చెప్పింది.

మరో కాపీ మీ పంచాయతీకో, మునిసిపాలిటీకో, కార్పొరేషన్‌కో ఇవ్వాలి. ఇలాంటి పత్రాలను భద్రపరిచే అధికారిని అక్కడ నియమించాలన్నది తీర్పు. మేము వెళ్లిన రోజుకు మా మునిసిపాలిటీలో అలాంటి అధికారి ఎవరో ఎవరికీ తెలియదు. నాలుగు బల్లలు తిరిగాక తపాలా విభాగంలో ఇచ్చి, మా కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీతో ముద్ర వేయించుకుని వచ్చాం. మీకూ అలా ఎదురైతే కమిషనర్ పేరిట గాని పంచాయతీ కార్యదర్శి పేరిట గాని ఒక ఉత్తరం జతచేసి ఇవ్వండి, తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మీ వైపు నుంచి పని పూర్తయిందనడానికి ఆ ముద్రో, రసీదో ఆధారం.

ఆ రోజు వచ్చినప్పుడు

ఇది మీ పేరు రాయించుకున్నవారు చదవవలసిన భాగం. ఈ పేజీ వాళ్లకే ఇవ్వండి.

ఆసుపత్రిలో చేర్చిన రోజే కాపీ ఇచ్చి కేసు షీటులో పెట్టమనండి. తర్వాత "బతుకుతారా?" అని అడగకండి. దానికి "ప్రయత్నిస్తున్నాం" అన్న జవాబే వస్తుంది. "మళ్లీ మమ్మల్ని గుర్తుపట్టి మాట్లాడతారా? తన చేత్తో తాను అన్నం తింటారా? మీ ఇంట్లో మనిషైతే ఏం చేస్తారు?" అని అడగండి. నాన్నప్పుడు ఈ మూడు ప్రశ్నలు నాకు తట్టలేదు.

కోలుకోరని తేలితే దారి ఇది. చికిత్స చేస్తున్న డాక్టరు పత్రం అసలైనదేనని సరిచూసుకుంటారు. ఆసుపత్రి ఒక ప్రాథమిక వైద్య బోర్డు వేస్తుంది. అందులో చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం అయిదేళ్ల అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులు ఉంటారు. ఆ తర్వాత రెండో బోర్డు చూస్తుంది. అందులో జిల్లా ముఖ్య వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టరు ఒకరు, మొదటి బోర్డులో లేని నిపుణులు ఇద్దరు. రెండు బోర్డులూ వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. పత్రంలో పేరున్న మీరు సమ్మతి ఇవ్వాలి. అమలు చేసే ముందు ఆసుపత్రి మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. అనుమతి అడగడం కాదు, తెలియజేయడమే. రెండో బోర్డు కాదంటే 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు.

ఏ పత్రమూ రాయని మనిషి విషయంలోనూ కుటుంబం సమ్మతితో ఇదే దారి ఉంది. ఈ సంగతి తెలియకనే ఎన్నో కుటుంబాలు "మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం" అని సంతకం పెట్టి, అంబులెన్సులో చేత్తో గాలి సంచి నొక్కుతూ, నొప్పికి మందైనా లేకుండా మనిషిని ఊరికి తరలిస్తున్నాయి. ఇంటికే తీసుకెళ్లాలనుకుంటే నొప్పి, ఆయాసం తగ్గించే మందులు, వాడే తీరు రాయించుకుని, బాధ తగ్గించడమే పనిగా పెట్టుకున్న ఉపశమన వైద్య (పాలియేటివ్ కేర్) బృందంతో మాట్లాడుకుని బయలుదేరండి. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది. మీ జిల్లా ఆసుపత్రిలోనూ ఆ సేవ ఉందేమో అడగండి. యంత్రాలు వద్దని రాసిన మనిషికి వైద్యం ఆగిపోదు, దాని తీరు మారుతుంది అంతే.

మార్చుకోవడం

పింఛను తీసుకునేవారు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తారు కదా, ఆ రోజునే ఈ కాగితమూ ఒకసారి చదువుకోండి. కొత్త జబ్బు బయటపడినా, పేరు రాసిన మనిషి దూరమైనా, మనసు మారినా మార్చండి. రద్దు చేసుకోవాలంటే రాతపూర్వకంగా చేయాలి. మార్పులు కొట్టివేతలతో సరిపెట్టకుండా కొత్తగా రాసి, సాక్షులు, నోటరీ అంతా మళ్లీ చేయించాలి. రెండు పత్రాలుంటే చివర సంతకం చేసినదే చెల్లుతుంది.

రెండో ఏడు అమ్మ ఒక్క వాక్యం మార్చింది. "వీలైతే నన్ను ఇంటికి చేర్చండి" అన్నచోట ఊళ్లో ఇల్లు అని రాయించింది మొదట. ఆ ఇల్లు అమ్మేశాం. ఇప్పుడు "మా అమ్మాయి ఇల్లు" అని ఉంది. పాత కాపీలన్నీ వెనక్కి తెప్పించి తనే చింపింది. కొత్తవాటి మీద తేదీ మాత్రం పెద్ద అక్షరాల్లో రాయమంది, కళ్లజోడు లేకపోయినా కనిపించేలా.